మందు భద్రత లెక్కలు: ఏ డేటాకు ఏ పద్ధతి, ఏది ఎక్కడ బోల్తా కొడుతుంది

ఒక మందు హాని చేస్తోందా అని తేల్చడానికి పీఆర్ఆర్ (రిపోర్టుల్లో హాని వాటాల పోలిక) లెక్కిస్తే సరిపోతుందా, కోహార్ట్ (మందు వాడేవాళ్ల గుంపును కాలం వెంట గమనించడం) కట్టాలా, లేక ఎస్‌సీసీఎస్ (రోగిని తనతోనే పోల్చే పద్ధతి) చేయాలా? ఫార్మకోవిజిలెన్స్ (మందుల భద్రతపై నిఘా) ఉద్యోగులనూ, ఫార్మకాలజీ పీజీలనూ, ఫార్మ్‌డీ విద్యార్థులనూ తికమక పెట్టే ప్రశ్న ఇది. చాలామంది తమ టీమ్‌లో అలవాటైన పద్ధతినే పట్టుకుని, డేటాను దానికి తగ్గట్టు వంచుతారు. పని తిరగబడేది అక్కడే. హాని ఎంతకాలానికి బయటపడుతుంది, ఆ కాలాన్ని మీ డేటా చూడగలదా అన్నవి ముందు తేలితే పద్ధతి దాదాపు దానంతట అదే ఖరారవుతుంది.

## ముందు తేల్చుకోవాల్సినవి

హాని గడియారం. మాత్ర వేసుకున్న గంటల్లో వచ్చే అనాఫిలాక్సిస్ (తీవ్రమైన అలర్జీ), వారాల్లో వచ్చే స్టీవెన్స్ జాన్సన్ సిండ్రోమ్ (చర్మం ఊడే తీవ్రమైన రియాక్షన్), ఏళ్లకు బయటపడే క్యాన్సర్ మూడూ వేర్వేరు లెక్కలు. రిస్క్ విండో, అంటే మందు మొదలయ్యాక హాని రాగల కాలం, ఎన్ని రోజులో డేటా తెరవకముందే ప్రొటోకాల్‌లో రాసిపెట్టాలి. ఫలితం చూశాక విండో మార్చితే ఏ పద్ధతీ మిమ్మల్ని కాపాడదు.

హారం ఉందా? ఎంతమందికి హాని జరిగిందో అందరూ చెబుతారు. ఎంతమంది మందు వాడారో తెలియకపోతే రేటు లేదు, రిస్క్ లేదు.

వాడకం తీరు. ఐదు రోజుల యాంటీబయాటిక్ కోర్సుకు పనికొచ్చే పద్ధతి, జీవితాంతం వేసుకునే మధుమేహ మాత్ర మెట్‌ఫార్మిన్‌కు పనికిరాదు.

మందు ఎవరికి రాస్తున్నారు? రోగం ముదిరినవాళ్లకే కొత్త మందు రాస్తుంటే ఆ మందు వాడినవాళ్లలో మరణాలు ఎక్కువగానే కనబడతాయి. నేరం మందుది కాకపోవచ్చు.

చూపు ఒక్కసారేనా? డేటా వారం వారం వస్తూ ఉంటే, ప్రతి వారం చూస్తూ ఉంటే లెక్కే మారిపోతుంది.

| మీ పరిస్థితి | మొదట చూడాల్సిన పద్ధతి | దక్కేది | పెద్ద గండం |
|---|---|---|---|
| రిపోర్టులే ఉన్నాయి, హారం లేదు | పీఆర్ఆర్, ఆర్ఓఆర్, ఐసీ, ఈబీజీఎం (రిపోర్టుల వాటాలను పోల్చే కొలమానాలు) | అనుమానం మాత్రమే | రిపోర్టింగ్‌లో ఎగుడుదిగుళ్లు |
| మందుల కొనుగోలు చరిత్ర ఉంది, రోగ వివరాలు లేవు | సీక్వెన్స్ సిమెట్రీ (ఏ మందు ముందు, ఏది వెనక అన్న లెక్క) | చవకైన తొలి వడపోత | వాడకంలో కాలానుగుణ మార్పులు |
| కొద్దిరోజుల వాడకం, అకస్మాత్తు సంఘటన | ఎస్‌సీసీఎస్ | రిలేటివ్ రిస్క్ | సంఘటన తర్వాత మందు ఆపేయడం |
| నెలలు, ఏళ్ల వాడకం, నెమ్మదిగా వచ్చే హాని | కొత్త వాడకందారుల కోహార్ట్ | రేటు, రిస్క్ తేడా | ఎవరికి రాశారన్న పక్షపాతం |
| కొత్త టీకా, కొత్త మందు, ఆగకుండా వచ్చే డేటా | మాక్స్‌ఎస్‌పీఆర్‌టీ (పదేపదే చూసేందుకు కట్టిన పరీక్ష) | త్వరగా హెచ్చరిక | ఆలస్యంగా చేరే కేసులు |

## రిపోర్టులు మాత్రమే ఉన్నప్పుడు

మన దేశంలో ఎక్కువమంది చేతిలో ఉండేది ఇదే. 2010లో మొదలైన పీవీపీఐ (దేశ మందుల భద్రతా నిఘా కార్యక్రమం) కింద మెడికల్ కాలేజీల్లోని ఏడీఆర్ (మందుల దుష్ప్రభావాల) కేంద్రాల నుంచి వచ్చే రిపోర్టులు ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్‌కు, అక్కడి నుంచి స్వీడన్‌లోని ఉప్సలా కేంద్రం నడిపే ప్రపంచ రిపోర్టుల డేటాబేస్ విజీబేస్‌కు వెళ్తాయి. ఈ రిపోర్టుల్లో రోగి తర్వాతి చరిత్ర ఉండదు. అందుకే ఇక్కడ చేసేదల్లా ఒక పోలిక: ఈ మందు రిపోర్టుల్లో ఈ హాని వాటా, మిగతా మందుల రిపోర్టుల్లో దాని వాటా కంటే ఎక్కువగా ఉందా?

పీఆర్ఆర్‌కు 2001 నుంచి ప్రచారంలో ఉన్న గీత ఇది: పీఆర్ఆర్ కనీసం 2, కై స్క్వేర్ (తేడా యాదృచ్ఛికమా అని చూసే పరీక్ష) కనీసం 4, కేసులు కనీసం 3. లెక్క తేలిక, అదే చిక్కు కూడా. ఊహాత్మకంగా ఒక డేటాబేస్ తీసుకుందాం. మొత్తం లక్ష రిపోర్టులు, వాటిలో మన మందుకు 100, మన హానికి 600, రెండూ కలిసినవి 3. పీఆర్ఆర్ = (3/100) ÷ (597/99,900) = 5.02. యేట్స్ సవరణతో కై స్క్వేర్ సుమారు 6. మూడు షరతులూ తీరాయి, సిగ్నల్ (పరిశీలించాల్సిన అనుమానం) అన్నమాట.

అదే డేటాపై ఐసీ (వచ్చిన కేసుల సంఖ్యను అనుకోదగ్గ సంఖ్యతో పోల్చే కొలమానం) చూడండి. అనుకోదగ్గ సంఖ్య = 100 × 600 ÷ 1,00,000 = 0.6. ఐసీ = బేస్ 2 లాగ్ ఆఫ్ (3.5 ÷ 1.1) = 1.67. దాని 95 శాతం కింది హద్దు దాదాపు మైనస్ 0.4. సున్నా దాటలేదు కాబట్టి సిగ్నల్ కాదు. తేడా అంతా లవానికీ హారానికీ కలిపిన ఆ 0.5 లో, కేసులు తక్కువైనప్పుడు వెడల్పయ్యే హద్దులో ఉంది. మన మందు రిపోర్టులు 400, కలిసిన కేసులు 12, హాని మొత్తం 612 అయితే పీఆర్ఆర్ దాదాపు అంతే, 4.98. ఐసీ కింది హద్దు మాత్రం ప్లస్ 1.1. ఈసారి రెండు పద్ధతులూ ఒకే మాట చెబుతాయి.

అంటే కేసులు పది దాటితే ఏ కొలమానం వాడినా పెద్ద తేడా లేదు. మూడు నుంచి ఐదు కేసుల దగ్గరే ఎంపిక ముఖ్యం. ప్రాణాంతకమైన, ఇతరత్రా అరుదుగా వచ్చే హాని అయితే పీఆర్ఆర్ లాంటి సున్నితమైన గీత పెట్టుకుని, తప్పుడు సిగ్నళ్లను చదివే శ్రమ ఒప్పుకోవాలి. నెలకు వందల మందు-హాని జంటలు వడపోయాల్సిన చిన్న టీమ్‌కు ఐసీ గానీ, ఈబీజీఎం (అదే తరహా ఇంకో కొలమానం) కింది హద్దు 2 దాటాలన్న నియమం గానీ నయం.

ఎక్కడ చెడుతుందో చెప్పడానికి డాబిగట్రాన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు) కథ చాలు. అమెరికాలో 2010 అక్టోబరులో అనుమతి వచ్చింది, వెంటనే రక్తస్రావం రిపోర్టులు వెల్లువెత్తాయి. కొత్త మందు కావడంతో డాక్టర్లు ప్రతిదీ రాశారు. అదే పనికి వాడే పాత మందు వార్ఫరిన్‌తో రక్తం పోవడం అందరికీ తెలిసిందే కాబట్టి దాన్ని ఎవరూ రాయలేదు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తన మినీ సెంటినెల్ నిఘా వ్యవస్థలోని బీమా క్లెయిమ్ డేటాలో చూసి, కొత్తగా మొదలుపెట్టినవాళ్లలో రక్తస్రావం రేటు వార్ఫరిన్ కంటే ఎక్కువగా కనబడలేదని 2012 నవంబరులో ప్రకటించింది. కథ అక్కడితో అయిపోలేదు. 2014లో 65 ఏళ్లు పైబడిన 1,34,000 మందికి పైగా మెడికేర్ (అమెరికా ప్రభుత్వ వృద్ధుల బీమా) రోగులపై సవరణలతో చేసిన కోహార్ట్‌లో మెదడులో రక్తస్రావం తక్కువ, జీర్ణాశయ రక్తస్రావం ఎక్కువ అని తేలింది. ఒకే ప్రశ్నకు మూడు పద్ధతులు మూడు జవాబులిచ్చాయి. వాటిలో నిర్ణయానికి పనికొచ్చింది చివరిదే.

డూప్లికేట్ రిపోర్టుల సంగతి కూడా. ఒకే కేసు ఆసుపత్రి నుంచి ఒకసారి, కంపెనీ నుంచి ఇంకోసారి వస్తుంది. మూడు కేసుల సిగ్నల్‌లో ఒకటి డూప్లికేట్ అయితే మిగిలేది రెండే, సిగ్నల్ ఎగిరిపోతుంది. వయసు, లింగం, హాని తేదీ, మందు కలిపి సరిచూడకుండా లెక్క మొదలుపెట్టకండి.

## సీక్వెన్స్ సిమెట్రీ

మందుల కొనుగోలు తేదీలే ఉన్నప్పుడు చేయగలిగే పని. రక్తపోటు మాత్ర ఆమ్లోడిపిన్‌తో కాళ్లవాపు వస్తే దానికి ఫ్యూరోసిమైడ్ (ఒంట్లో నీరు తీసే మాత్ర) రాస్తారు. రెండూ 180 రోజుల లోపు కొత్తగా మొదలుపెట్టినవాళ్లను తీసి, ఏది ముందు, ఏది వెనక అని లెక్కపెట్టండి. ఆమ్లోడిపిన్ ముందున్నవాళ్లు 300, వెనకున్నవాళ్లు 200 అయితే నిష్పత్తి 1.5. ఫ్యూరోసిమైడ్ వాడకం దానంతటదే పెరుగుతున్న ప్రాంతంలో ఏ సంబంధం లేకపోయినా నిష్పత్తి 1.1 రావచ్చు. దాంతో భాగిస్తే 1.36. ఈ సవరణ లేని సంఖ్యను ఎవరికీ చూపించకండి. గంటల్లో అయిపోయే పని కాబట్టి తొలి వడపోతకు భేషు. మందుతో నయంకాని హానికి, అంటే దానికంటూ వేరే మాత్ర రాయని హానికి, ఇది గుడ్డిది.

## ఎస్‌సీసీఎస్: రోగే తనకు తాను పోలిక

1995లో గణాంకవేత్త ఫారింగ్టన్ టీకాల కోసం రూపొందించిన పద్ధతి. హాని జరిగినవాళ్లను మాత్రమే తీసుకుంటారు. వాళ్ల కాలాన్నే రిస్క్ విండో, మిగతా కాలం అని విడగొడతారు. ఆడా మగా, జన్యువులు, పొగతాగే అలవాటు, ఆర్థిక స్థితి లాంటివి రోగిలో మారవు కాబట్టి వాటి ప్రభావం దానంతటదే కొట్టుకుపోతుంది. పొగతాగడం గురించి ఒక్క ముక్క లేని మన ఆసుపత్రి రికార్డులకు ఇది చిన్న లాభం కాదు.

లెక్క ఎలా ఉంటుందంటే: హాని జరిగిన 200 మందిని ఒక్కొక్కరిని 365 రోజులు చూశాం, అందరికీ 28 రోజుల రిస్క్ విండో ఒకటి. విండోలో 30 సంఘటనలు, బయట 170. (30/28) ÷ (170/337) = 2.12. నిజం డేటాలో వయసు, రుతువు ముక్కలు చేసి కండిషనల్ పాయిసాన్ మోడల్ (సంఘటనల రేట్లను పోల్చే గణాంక మోడల్) వేస్తారు. పసిపిల్లల టీకాలకు వయసు ముక్కలు నెల కంటే పెద్దవిగా పెట్టకండి, ఆ వయసులో జ్వరం మూర్ఛల రేటు వేగంగా మారుతుంది.

ఇది బోల్తా కొట్టేది మూడు చోట్ల.

మొదటిది, సంఘటన తర్వాతి వాడకాన్ని మార్చేస్తే. గుండెపోటు వచ్చినవాళ్లకు డాక్టరు నొప్పి మాత్ర డైక్లోఫినాక్ రాయరు. దాంతో మందు మొదలవడానికి ముందు కాలంలో సంఘటనలు కృత్రిమంగా తగ్గుతాయి, పోలిక కాలం చల్లగా కనబడుతుంది, రిస్క్ లేనిపోనంత పెరుగుతుంది. మందుకు ముందు 14 నుంచి 30 రోజుల్ని వేరే ముక్కగా పెట్టడం దీనికి మామూలు విరుగుడు. ఆ ముక్కలో రేటు ఎలా ఉందో గ్రాఫ్ తప్పకుండా గీయండి. అక్కడ గొయ్యి గానీ గుట్ట గానీ ఉంటే తర్వాతి సంఖ్యను నమ్మే ముందు ఆగాలి. డాక్టరు ఆ మందును శాశ్వతంగా మానిపించేస్తే 30 రోజుల ముక్క చాలదు, ఆ సందర్భానికి సవరించిన ఎస్‌సీసీఎస్ రూపం వాడాలి.

రెండోది మరణం. సంఘటనే గమనాన్ని ఆపేస్తే మామూలు మోడల్ ఊహ కూలిపోతుంది.

మూడోది దీర్ఘకాలిక వాడకం. రక్తపోటు మాత్ర పదేళ్లుగా వేసుకునేవాడికి "వాడని కాలం" అంటే పదేళ్ల కిందటి కాలం. అప్పటి వయసు, రోగం వేరు. ఆ పోలికకు అర్థం లేదు.

దీనికి చుట్టం కేస్ క్రాసోవర్, 1991లో మక్లూర్ అనే పరిశోధకుడు ప్రతిపాదించిన పద్ధతి. సంఘటనకు ముందున్న కాలాన్ని మాత్రమే చూస్తుంది కాబట్టి మొదటి గండం తప్పుతుంది. బదులుగా, వాడకం ఏటా పెరుగుతున్న మందుకు లేని హానిని చూపిస్తుంది. సంఘటన ప్రాణాంతకం అయినప్పుడు దీన్ని ఎంచుకోండి, లేకపోతే ఎస్‌సీసీఎస్సే.

## కోహార్ట్: ఏళ్ల తరబడి మాత్రలకు తప్పని దారి

దీర్ఘకాలిక వాడకానికి నా ఓటు దీనికే. అయితే "వాడినవాళ్లు, వాడనివాళ్లు" అనే మోటు కోహార్ట్‌కు కాదు. కొత్తగా మొదలుపెట్టినవాళ్లను, అదే రోగానికి ఇంకో మందు కొత్తగా మొదలుపెట్టినవాళ్లతో పోల్చాలి. పాత వాడకందారులను కలిపితే, తొలినాళ్లలోనే హాని జరిగి మానేసినవాళ్లు అప్పటికే జారిపోయి ఉంటారు. మిగిలినవాళ్లు మందును తట్టుకున్నవాళ్లే.

పోలిక మందును ఎంచడంలో ఉన్న ప్రమాదం నొప్పి మందు రోఫెకాక్సిబ్ చూపించింది. 2000లో వచ్చిన వీగర్ ట్రయల్‌లో గుండెపోట్లు రోఫెకాక్సిబ్ వాడినవాళ్లలో 0.4 శాతం, ఇంకో నొప్పి మందు నాప్రాక్సెన్ వాడినవాళ్లలో 0.1 శాతం. తయారీదారు వివరణ: నాప్రాక్సెన్ గుండెను కాపాడుతోంది. ప్లసీబో (మందు లేని ఉత్తుత్తి మాత్ర)తో పోల్చిన అప్రూవ్ ట్రయల్ ఆ వివరణను చెదరగొట్టేదాకా, అంటే 2004 సెప్టెంబరు 30న మందును మార్కెట్ నుంచి తీసేసేదాకా వాదన సాగింది. అప్రూవ్‌లో ఇంకో పాఠం కూడా ఉంది. మందు ఆపిన 14 రోజుల వరకే సంఘటనలు లెక్కపెట్టారు. రిస్క్ 18 నెలల తర్వాతే మొదలవుతుందన్న మాటపై తర్వాత గట్టి వివాదం నడిచింది. మీ కోహార్ట్‌లోనూ "మందు మీద ఉన్న కాలం", "మొదలుపెట్టిన నాటి నుంచి ఆపినా సరే" అని రెండు విశ్లేషణలూ చేయండి. రెండూ విడిపోతే ఎందుకో తేల్చకుండా ముందుకు పోవద్దు.

చేసే వరుస ఇలా ఉంటే పని సాఫీగా సాగుతుంది. మందు మొదటిసారి కొన్న తేదీకి ముందు కనీసం 365 రోజుల చరిత్ర ఉన్నవాళ్లనే తీసుకోండి. ఆ చరిత్రలోని రోగాలు, మందులు, ఆసుపత్రి చేరికలతో ప్రొపెన్సిటీ స్కోరు (ఆ రోగికి ఆ మందు రాసే అవకాశం ఎంతో చెప్పే సంఖ్య) కట్టండి. స్కోరు దగ్గరగా ఉన్నవాళ్లను లాజిట్ స్టాండర్డ్ డీవియేషన్‌లో 0.2 క్యాలిపర్ (ఒప్పుకునే గరిష్ఠ తేడా)తో జత చేయండి. జత చేశాక ప్రతి అంశంలో ప్రామాణిక తేడా 0.1 లోపు ఉండాలి. ఉండకపోతే మోడల్ మార్చండి. పీ విలువ (తేడా యాదృచ్ఛికమా అని చూసే సంఖ్య) చూసి సమతూకం అనుకోవద్దు, పెద్ద డేటాలో అది దేనికైనా 0.05 లోపే ఉంటుంది. రెండు మందుల స్కోరు గ్రాఫులు ఒకదానిపై ఒకటి పడకపోతే, ఆ రెండు మందులూ వేర్వేరు రోగులకు వెళ్తున్నట్టే. పోలిక మందు మార్చడం తప్ప దారి లేదు.

ఎంత డేటా కావాలో కూడా ముందే లెక్కేయండి. వెయ్యి మంది ఏడాదికి ఒక సంఘటన ఉన్న చోట, సమాన గుంపుల్లో రెండింతల రిస్క్‌ను 80 శాతం పవర్‌తో (నిజంగా ఉంటే దొరికే అవకాశం) పట్టాలంటే సుమారు 66 సంఘటనలు, అంటే 44 వేల వ్యక్తి సంవత్సరాలు. ఒకటిన్నర రెట్ల రిస్క్ పట్టాలంటే 191 సంఘటనలు, లక్షన్నర వ్యక్తి సంవత్సరాలు దాటుతుంది. ఒక్క ఆసుపత్రి రికార్డుతో కోహార్ట్ మొదలుపెట్టేవాళ్లు ఈ రెండు సంఖ్యలూ గోడకు అంటించుకోవాలి.

కోహార్ట్‌ను ముంచే తప్పుల్లో రెండు మన దగ్గర రోజూ కనబడతాయి. "ఏడాదిలో కనీసం రెండు ప్రిస్క్రిప్షన్లు ఉన్నవాళ్లే వాడకందారులు" అని నిర్వచించి, గమనాన్ని రోగ నిర్ధారణ రోజు నుంచి మొదలుపెట్టడం ఒకటి. రెండో ప్రిస్క్రిప్షన్ దాకా వాళ్లు చావడానికి వీల్లేదు కాబట్టి మందు అమృతంలా కనబడుతుంది. గమనం రెండో ప్రిస్క్రిప్షన్ తేదీ నుంచే మొదలవ్వాలి. రెండోది తిరగబడిన కారణం. ఇంకా బయటపడని కడుపు క్యాన్సర్‌తో మంట, నొప్పి వస్తే డాక్టరు ఎసిడిటీ మాత్ర పాంటాప్రజోల్ రాస్తారు. ఆరు నెలలకు క్యాన్సర్ బయటపడుతుంది, నింద మాత్ర మీద పడుతుంది. క్యాన్సర్ లాంటి హానికి మొదటి 6 నుంచి 12 నెలలు లెక్క నుంచి తీసేసి చూడండి.

కాలం ఎంత తేడా చేస్తుందో మధుమేహ మందు పయోగ్లిటజోన్ చూపింది. ఉత్తర కాలిఫోర్నియా కైజర్ పర్మనెంటే ఆరోగ్య సంస్థలో సుమారు 1.93 లక్షల మంది మధుమేహ రోగుల కోహార్ట్. 2011 నాటి మధ్యంతర లెక్కలో మూత్రాశయ క్యాన్సర్ హజార్డ్ నిష్పత్తి (వాడనివాళ్లతో పోలిస్తే ముప్పు ఎన్ని రెట్లో) మొత్తం మీద 1.2, రెండేళ్లకు పైగా వాడినవాళ్లలో 1.4. అదే ఏడాది ఫ్రాన్స్ మందు ఆపేసింది. మన దేశంలో 2013 జూన్‌లో నిలిపివేసి, జూలైలోనే హెచ్చరికతో మళ్లీ అనుమతించారు. 2015లో పదేళ్ల ఫలితం వచ్చేసరికి నిష్పత్తి 1.06, సంబంధం ఉందని చెప్పడానికి చాలదు. అయినా ఎఫ్‌డీఏ 2016లో మిగతా అధ్యయనాలనూ కలిపి చూసి హెచ్చరికను కొనసాగించింది. క్యాన్సర్ ప్రశ్నలో మధ్యంతర లెక్కతో తీర్పు చెప్పకూడదు, ఒక్క కోహార్ట్‌తో కేసు మూసేయనూకూడదు.

మందు మోతాదు రోగస్థితిని బట్టి మారుతూ, ఆ రోగస్థితి మళ్లీ మందు వల్లే మారుతుంటే (కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పెరిగితే రక్తపోటు మాత్ర ఎనలాప్రిల్ తగ్గించడం లాంటిది) మామూలు కాక్స్ మోడల్ (కాలంతో పాటు ముప్పును పోల్చే మోడల్)లో క్రియాటినిన్ వేసినా తప్పే, వేయకపోయినా తప్పే. అప్పుడు మార్జినల్ స్ట్రక్చరల్ మోడల్ (రోగులకు బరువులిచ్చి లెక్క సరిచేసేది) కావాలి. క్రియాటినిన్ క్రమం తప్పకుండా కొలిచిన డేటా లేకపోతే దాని జోలికి పోకండి. ఒకరిద్దరు రోగులకే వందల బరువు పడి ఫలితాన్ని లాగేస్తుంది.

## వారం వారం చూసేవాళ్లకు

0.05 గీతతో ఐదుసార్లు చూస్తే తప్పుడు హెచ్చరిక అవకాశం దాదాపు 14 శాతం, పదిసార్లు చూస్తే 19 శాతం. పాసయ్యేదాకా పరీక్ష రాయించినట్టే. మాక్స్‌ఎస్‌పీఆర్‌టీ మొత్తం గమనానికి ఒకే 5 శాతాన్ని పంచి, ప్రతి చూపుకూ కఠినమైన గీత పెడుతుంది. అమెరికా టీకాల నిఘా వ్యవస్థ వ్యాక్సిన్ సేఫ్టీ డేటాలింక్ ఇలాగే వారం వారం చూస్తూ ఎంఎంఆర్‌వీ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా, చికెన్‌పాక్స్ కలిపిన) టీకా మొదటి డోసు తర్వాత 7 నుంచి 10 రోజుల మధ్య జ్వరం మూర్ఛలు పెరగడం పట్టింది. ఎంఎంఆర్, చికెన్‌పాక్స్ టీకాలు విడివిడిగా ఇవ్వడంతో పోలిస్తే సుమారు 2,300 డోసులకు ఒక మూర్ఛ అదనం. 2008లో ఈ కలిపిన టీకాకే ప్రాధాన్యమివ్వాలన్న సిఫారసును తీసేశారు.

కనీసం 3, 4 కేసులు చేరేదాకా హెచ్చరిక రాకుండా పెట్టండి. లేకపోతే మొదటి వారంలోని ఒక్క కేసే గంట మోగిస్తుంది. క్లెయిములు ఎన్ని వారాలు ఆలస్యంగా చేరతాయో కొలిచి, చివరి వారాల అంచనా కేసులను ఆ మేరకు తగ్గించండి. తగ్గించకపోతే చేరని కేసుల వల్ల మందు లేనంత భద్రంగా కనబడుతుంది.

## ఏది ఎంచినా చేయాల్సిన పరీక్ష

మందుకు సంబంధమే ఉండని 50 దాకా ఫలితాలను తీసుకుని, అదే పద్ధతి, అదే కోడ్ వాటిపై నడపండి. కాలి గోరు లోపలికి పెరగడం లాంటివి. వాటన్నిటికీ రిస్క్ 1 చుట్టూ రావాలి. 1.3 చుట్టూ గుంపుకడితే మీ డేటాలో పక్షపాతం ఉంది, మీ అసలు ఫలితం 1.3 అయినా దానికి విలువ లేదు. ఈ తరహా సవరణ చేస్తే, పీ విలువ 0.05 లోపు వచ్చిన ఫలితాల్లో కనీసం 54 శాతం నిలవవని 2014లో ఓమాప్ అనే పరిశోధక బృందం చూపింది.

## మీకేది

కంపెనీలో కేసులు ప్రాసెస్ చేసేవాళ్లు ఐసీతో వడపోసి, మిగిలినవాటిని ఒక్కొక్కటిగా చదవండి. రేటు అడిగే రెగ్యులేటర్‌కు పీఆర్ఆర్‌ను జవాబుగా పంపకండి.

ఆరోగ్యశ్రీ లాంటి డేటా చూసి ఆశపడేవాళ్లకు ఒక మాట. అవి ఆసుపత్రి చికిత్స ప్యాకేజీల చుట్టూ కట్టినవి. హాని (ఆసుపత్రిలో చేరడం) అందులో దొరుకుతుంది, మెడికల్ షాపులో నగదుకు కొన్న మాత్ర దొరకదు. ఎక్స్‌పోజర్ (ఎవరు ఏ మందు వాడారన్న వివరం) లేని చోట ఏ మోడలూ పనిచేయదు. క్షయ, హెచ్ఐవీ లాంటి మందును ప్రభుత్వమే ఇచ్చే కార్యక్రమాల్లో ఇచ్చిన తేదీ నమోదవుతుంది కాబట్టి కోహార్ట్ నిలబడే చోటు అదే.

ఒక్క ఆసుపత్రి రికార్డులతో థీసిస్ చేసే పీజీలు అరుదైన హాని జోలికి పోకుండా, తరచూ వచ్చేదాన్ని, రిస్క్ విండో చిన్నదాన్ని ఎంచుకుని ఎస్‌సీసీఎస్ చేయండి. 3,000 కేస్ షీట్లు తిరగేసి ఒక్క హానీ కనబడకపోతే "సురక్షితం" అని రాయకండి. 3 ను 3,000తో భాగించి, రిస్క్ పై హద్దు వెయ్యికి ఒకటి అని రాయండి.